రెండు వందల ఏడో తాళం

మంగళవారం ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలకు ఫిట్టర్ హెబ్రోను కాంక్రీటు మిక్సర్‌లోకి దిగాడు. ఆరు ముప్పై ఎనిమిదికి మిక్సర్ తిరిగింది. మధ్యలో ఇరవై ఆరు నిమిషాలు. రేవతి తన నోటుపుస్తకంలో ఆ రెండు అంకెల మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలింది.

ఇప్పుడు బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. మూడింటికి పోలీసు జీపు స్టేషన్ నుంచి బయలుదేరి మిక్సర్ ఆపరేటర్ సుకుమార్‌ను నెల్లూరు కోర్టుకు తీసుకుపోతుంది. పెట్టింది హత్యానేరం. ఒకసారి జైలు లోపలికి పోతే బెయిలు ఎన్ని నెలలకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఈ ఉదయం ఏడింటికి అతని భార్య భానుప్రియ రేవతి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. "మా ఆయన బటన్ నొక్కినాడు మేడం. నొక్కలేదని నేను చెప్పను. లోపల మనిషుండాడని తెలిసి మాత్రం నొక్కలేదు" అంది.

రేవతి కేసు ఒప్పుకోవడానికి ఆ మాట చాలింది. పన్నెండేళ్లు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, ఉద్యోగం వదిలి డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. తమవాళ్లు చేసిన పనిని చేశారని ఒప్పుకుని మాట్లాడేవాళ్లు ఎంత అరుదో ఆమెకు తెలుసు.

సముద్రం ఒడ్డున కొత్త రేవు కడుతున్నారు. దానికి కావలసిన కాంక్రీటంతా ఈ ఒక్క మిక్సర్‌లోనే కలుస్తుంది. గది అంత ఇనుప తొట్టి, లోపల తిరిగే ఇనుప రెక్కలు. రోజూ తెల్లవారాక ఒక ఫిట్టర్ అందులోకి దిగి, రాత్రి గట్టిపడిన కాంక్రీటును సుత్తితో చెక్కాలి. దిగేముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి తన దగ్గర పెట్టుకోవాలి. అతను బయటికి వచ్చి తాళం తీసేదాకా మిక్సర్ తిరగదు. తిరగడానికి వీల్లేదు. 'ఒక మనిషి, ఒక తాళం, ఒక తాళంచెవి' అని ప్యానెల్ గది గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

ఆ అక్షరాల కిందే ఫోర్‌మన్ మస్తానయ్య నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. యూనిఫాం చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"హెబ్రోను తాళం వేయడం నువ్వు చూశావు" అంది రేవతి.

"చూసినాను మేడం. ఆరూ పన్నెండుకి. రెండు వందల ఏడో నంబరు బీగం. నేనే పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టినా."

"తర్వాత?"

"బీగంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. లోపలికి దిగినాడు."

"నీ కళ్లతో చూశావా?"

"నా ఎదురుంగానే కట్టుకున్నాడు. ఈడ అందరూ అట్నే కట్టుకుంటారు మేడం. జేబులో ఏసుకుంటే వంగినప్పుడు జారిపోద్ది."

"ఆ తర్వాత నువ్వెక్కడున్నావు?"

"ఇసక లారీ వచ్చింటే ఆడికి పోయినా. కేక ఇనపడినాక వచ్చినా. అప్పటికి స్విచ్చికి బీగం లేదు. సుకుమార్ సొరుగులో దొరికింది."

"సొరుగు తీసి చూడాలని ఎవరికి తోచింది?"

మస్తానయ్య జవాబు చెప్పేలోగా తలుపు దగ్గర నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పోలీసు ఇన్‌స్పెక్టర్ చంద్రమౌళి. చంకలో ఫైలు, చేతిలో సీలు వేసిన ప్లాస్టిక్ కవరు.

"కానీండి మేడం, కానీండి. నేను నిన్న పొద్దున్నే అడిగి, రాసి, సంతకాలు పెట్టించిన ప్రశ్నలే. మళ్లీ వింటుంటే పాత సినిమా చూసినట్టుంది."

"మీరు ఇంటర్వల్ దాకానే చూశారండీ" అంది రేవతి.

"నాకు క్లైమాక్స్ కూడా తెలుసు. ఆదివారం నాడు టీ కొట్టు దగ్గర సుకుమార్, హెబ్రోను చొక్కాలు పట్టుకున్నారు. హెబ్రోను తాళం వేసి రెండు గంటలు మిక్సర్ ఆపినందుకు సుకుమార్‌కి పై నుంచి చీవాట్లు పడినాయి. ఆ కసి. తాళం అతని సొరుగులో ఉంది. బటన్ నొక్కింది అతనే. మస్తానయ్య ఎయ్యమంటేనే నొక్కినానంటాడు, తప్పు చేసినోళ్లందరూ అనే మాటే. ఇంకేం కావాలి మీకు?"

"తాళం తీసిన తాళంచెవి."

చంద్రమౌళి నవ్వి కవరు పైకెత్తి చూపించాడు. లోపల నల్లదారం, దానికి ముడివేసిన చిన్న ఇత్తడి తాళంచెవి. దాని మీద 207 అని చెక్కి ఉంది. "శవం నడుము దగ్గర దొరికింది. మస్తానయ్య తీసి మా ఎస్సైకి ఇచ్చినాడు. పంచనామాలో ఏడూ యాభైకి రాసుకున్నాం. కోర్టుకి తీసుకుపోతున్నా."

"చెవి శవం దగ్గరే ఉంటే, సుకుమార్ తాళం దేంతో తీశాడు?"

"మారు చెవి చేయించుకోని ఉంటాడు. నాయుడుపేటలో అరగంటలో చేసిస్తారు. అది యాడ పారేసినాడో నాలుగు తగిలిస్తే చెప్తాడు."

"ఒక్కసారి ఆ కవరు చూడనిస్తారా? విప్పను."

ఆమె దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. చంద్రమౌళి గడియారం చూసుకున్నాడు. మస్తానయ్య నేల చూశాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, హెబ్రోను శవం మీరు చూశారు కదా. ఒంటి మీద సిమెంటు లేని చోటు ఏమైనా కనిపించిందా?"

"ఎట్టా కనపడుద్ది? మిక్సర్ తిరగతానే పైనుంచి నీళ్లూ సిమెంటూ తొట్టిలో పడతాయి. తలా మొహం కూడా తెలియలా."

"ఈ దారానికి చుక్క సిమెంటు లేదు."

"కడిగి ఉంటారు."

"కడిగితే ముడిలోది పోదండీ. మా ఇంటికి మేస్త్రీ పని చేయించినప్పుడు నా చీర కొంగు ముడిలో పడిన సిమెంటు ఇప్పటికీ రాయిలా ఉంది. సరే, అది వదిలేయండి. ఈ దారం కొసలు చూడండి. రెక్కలకు చిక్కి తెగిన దారం పీచులు పీచులుగా ఉండాలి. ఇది సమానంగా తెగింది. కత్తో బ్లేడో పెట్టి కోశారు."

చంద్రమౌళి కవరు లాక్కున్నాడు. లాక్కున్నాడు గాని, ఫైల్లో పెట్టేముందు ఒకసారి కొసలు చూశాడు.

"శవం మీద నుంచి తీయడానికి మస్తానయ్యే కోసి ఉంటాడు. ఏమయ్యా?"

"అవున్సార్. బ్లేడుతో కోసినా" అన్నాడు మస్తానయ్య వెంటనే. అడిగిన మాట పూర్తయ్యే లోపే.

రేవతి ఫోను తీసింది. నెల్లూరు ఆస్పత్రి మార్చురీ బయట హెబ్రోను భార్య షారన్ కూర్చుని ఉంది. ఉదయం అక్కడే రేవతి ఆమెను కలిసింది. ఎక్కువ ప్రశ్నలు వేయడానికి అప్పుడు మనసొప్పలేదు. ఫోను స్పీకర్‌లో పెట్టింది.

"షారన్, నేను పొద్దున వచ్చిన రేవతిని. ఒక్క మాట అడగాలి. హెబ్రోను మొలతాడు కట్టుకునేవాడా?"

"లేదక్కా. మా ఇళ్లల్లో కట్టుకోరు. మా అత్త అసలు పిల్లలకి కూడా కట్టలేదు. ఆమె అత్త కాలం నుంచే మా వాళ్లు మానేసినారు. ఎందుకక్కా?"

చంద్రమౌళి ముందుకు వంగాడు. "పనిలో కట్టుకుంటా ఉండేవాడేమో. నీకు తెలీకుండా."

"ఎవరది?" అంది షారన్. చెప్పారు. ఆమె గొంతు మారింది. "నాకు తెలీకుండా నా మొగుడి నడుముకి తాడు ఉంటదా సార్? ఆయన బట్టలు ఉతికేది నేను. వీపు రుద్దేది నేను."

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తగ్గాడు.

"మరి తాళంచెవి ఎక్కడ పెట్టుకునేవాడమ్మా?" అంది రేవతి.

"సాక్సులో. ఎడమ కాలి సాక్సులో, మడమ పక్కన. పోయిన నెల నేను చూసుకోకుండా దాంతోనే నానబెట్టేసినా. గేటు దాకా పోయి మళ్లీ వచ్చినాడు చెవి కోసం. ఎంత అరిచినాడో."

"ఆస్పత్రివాళ్లు బట్టలిచ్చారా?"

"మూట కట్టి ఇచ్చినారు. నేను విప్పలేదక్కా."

"విప్పగలవా? ఇప్పుడు. నేను లైన్లోనే ఉంటాను. పక్కన ఎవరైనా కానిస్టేబుల్ ఉంటే పిలిచి, అతని ఎదుట విప్పు."

ఒక నిమిషం గడిచింది. అడుగుల చప్పుడు, మగ గొంతు, ప్లాస్టిక్ చిరుగుతున్న శబ్దం. మూడో నిమిషంలో ఆమె మాట్లాడింది.

"ఉందక్కా. సిమెంటు గట్టిపడిపోయింది, సాక్సు కోసి తీసినాడు ఈయన. రెండు సున్నా ఏడు."

ప్యానెల్ గదిలో ఫ్యాను తిరుగుతోంది. చంద్రమౌళి చేతిలోని కవరు వంక, ఫోను వంక మార్చి మార్చి చూశాడు.

"షారన్, ఇంకొక్కటి. సోమవారం రాత్రి హెబ్రోను పని గురించి ఏమైనా అన్నాడా?"

"అన్నాడక్కా. నాకు సరిగ్గా అర్థం కాలా. 'నా బీగానికి ఇంకో చెవి ఉంది షారన్, కళ్లారా చూసినా, రేపు పొద్దన్నే పెద్దాయన్ని అడగతా' అన్నాడు. అన్నం తినమని నేను గమ్మనుండమన్నా."

"నువ్వు చేసిన దాంట్లో తప్పేం లేదమ్మా. ఆ చెవి కానిస్టేబుల్‌కి ఇచ్చి, కాగితం రాయించుకో. రాయించుకోకుండా మాత్రం ఇవ్వొద్దు." రేవతి ఫోను పెట్టేసింది.

"ఏం తేలింది?" అన్నాడు చంద్రమౌళి. ఈసారి గొంతులో మునుపటి ఎగతాళి సగమే ఉంది. "రెండో చెవి ఉందని నేను ముందే చెప్పినా. సుకుమార్ చేయించినాడు. వాడి పని అయినాక శవం దగ్గర పెట్టినాడు."

"మీ సుకుమార్ ఆరూ నలభై నుంచి అందరి మధ్యా తలపట్టుకుని కూర్చున్నాడని మీరే రాశారు. శవం దగ్గరికి ఎప్పుడు పోయాడు? ఆ దారం ఎవరిది?"

"దుకాణంలో కొనుక్కుంటాడు."

"ఇది కొత్త దారం కాదండీ. నలుపు పోయి బూడిద రంగుకి వచ్చింది. ఏడాదైనా ఒంటి మీద ఉన్నది." రేవతి తిరిగింది. "మస్తానయ్యా, చొక్కా పైకెత్తు."

"ఏంది మేడం?"

"చొక్కా. కొంచెం పైకి."

అతను కదల్లేదు. చంద్రమౌళి లాఠీ కొసతో చొక్కా అంచు ఎత్తాడు. కింద తెల్ల బనియన్. నడుము చుట్టూ, వెనక నుంచి ముందు దాకా, నల్లటి మరక వలయంలా దిగి ఉంది.

"కొత్త మొలతాడు నాలుగు రోజులు రంగు వదులుతుంది. చెమట పడితే ఇంకా ఎక్కువ. దాన్ని పోగొట్టాలంటే ఉతికేవాళ్ల చేతులు పడిపోతాయి" అంది రేవతి. "నిన్న పొద్దున దాకా నీ నడుముకి ఉన్న పాతది ఏమైంది?"

"డిటెక్టివ్ కోర్సులో బట్టలుతకడం కూడా నేర్పిస్తారా మేడం?" అన్నాడు చంద్రమౌళి. మాట బయటికి వచ్చాక ఆయనకే అది అతికినట్టు అనిపించలేదు.

"కోర్సులో కాదండీ, ఇంట్లో. ఇరవై ఆరేళ్ల సర్వీసు." ఆమె మస్తానయ్య మీద నుంచి చూపు తిప్పలేదు. "చెవి శవం మీద దొరికినట్టు చూపించాలి. చేతిలో చెవి ఒక్కటే ఉంది. మగవాడన్నాక నడుముకి తాడుంటుందని అనుకున్నావు. నీకుంది, వీళ్లందరికీ ఉంది. ఇన్‌స్పెక్టర్ గారికీ ఉంది, అందుకే ఆయనకీ అనుమానం రాలేదు. నీది కోసి చెవి కట్టావు. పెళ్లాం బతికున్న మగవాడివి, మొలతాడు లేకుండా ఇంటికి పోలేవు. గేటు బయట కొట్టులో కొత్తది కొని కట్టుకున్నావు. ఎన్నింటికి కొన్నావో ఆ కొట్టామె చెప్తుంది. అడగమంటావా?"

మస్తానయ్య గోడకు జారగిలబడి కిందికి కూర్చున్నాడు.

"నేను చంపలేదు తల్లా."

"బీగం తీసిందెవరు?"

"నేనే తీసినా. అన్ని బీగాలకీ రెండో చెవి ఉంది. గుత్తి. నాలుగు వందల పన్నెండు. వీళ్లు చెవి సంకన పెట్టుకోని ఇంటికి పోతారు, ప్లాంటు ఆగిపోద్ది. అందుకని చేయించినారు. వాడు బయటికొచ్చేసినాడని చెప్తే తీసి, సుకుమార్ సొరుగులో ఏసినా. దేవుడి మీద ఒట్టు, లోపలుండాడని తెలిస్తే నా చెయ్యి ఆ బీగం మీద పడదు."

"బయటికొచ్చాడని ఎవరు చెప్పారు?"

అతను తల అడ్డంగా ఊపాడు. "నాకు ఈ పని కావాల తల్లా. ఇద్దరు కొడుకులు ఈడే పని చేస్తా ఉండారు." ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పలేదు.

చంద్రమౌళి ఆమెను పక్కకు పిలిచాడు. "చూడండి, నేను మొండివాణ్ణి కాదు. కానీ ఇతను ఏ పేరూ చెప్పకపోతే నా చేతిలో ఉన్నది ఒక ఫోర్‌మన్ తప్పు, ఒక ఆపరేటర్ తప్పు. గుత్తి ఉందని ఇతని మాట తప్ప రుజువు లేదు. రెండు వందల ఏడు ఒక్కదానికే మారు చెవి ఉంటే అది సుకుమార్ పనే. మూడింటికి జీపు బయలుదేరుద్ది. ఇప్పుడు ఒకటీ నలభై."

"నాకు అరగంట చాలు. మీరు ఒక పని చేయాలి" అంది రేవతి. మెల్లగా చెప్పింది. చంద్రమౌళి కనుబొమలు ముడివేసి విన్నాడు. తర్వాత ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ప్లాంటు వెనక్కి నడిచాడు.

రెండు గంటలకు షిఫ్టు మారింది. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ మిక్సర్ దగ్గర ఆగారు. ఎవరూ పిలవలేదు. నిన్న మనిషి పోయిన చోటు పక్క నుంచి నడవడానికి కాళ్లు రాక ఆగారు.

సేఫ్టీ మేనేజర్ పద్మనాభయ్య తెల్ల హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి, మెత్తటి మాట. సైటులో అందరూ 'పెద్దాయన' అనేది ఆయన్నే. రేవతి ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో రెండుసార్లు ఆయన సైటు చూసి మెచ్చుకుంది కూడా.

"రేవతి గారా! మీలాంటివాళ్లు ఈ కేసు తీసుకోవడం మా అదృష్టం. హెబ్రోను నాకు కొడుకులాంటివాడు. అయితే ఒక్క మనవి. రేపు బ్యాంకు తరఫున తనిఖీ బృందం వస్తోంది. సాయంత్రానికి ప్లాంటు శుభ్రం చేసుకోవాలి."

"ఎక్కువసేపు ఆపనండీ. మీ తాళాల పద్ధతి మీద ఇన్‌స్పెక్టర్ గారికి చిన్న అనుమానం ఉంది. తాళాలకు రెండో చెవులు ఉంటాయేమో అంటున్నారు."

"అసాధ్యం" అన్నాడు పద్మనాభయ్య. చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినిపించేలా. "ఒక మనిషి, ఒక తాళం, ఒక చెవి. ఐదేళ్లుగా ఈ ప్రాజెక్టు దాని మీదే నడుస్తోంది. సుకుమార్ దొంగచాటుగా ఒక చెవి చేయించాడేమో, అది నేరం. పద్ధతిలో లోపం లేదు."

"అదే నేనూ అన్నాను. చేసి చూపిస్తే ఆయనకు నమ్మకం కుదురుతుంది. మీ తాళం నంబరెంత?"

"ఒకటి."

"మెయిన్ స్విచ్‌కి మీ తాళం వేయండి. చెవి మీ జేబులోనే పెట్టుకోండి. తొట్టిలోకి దిగండి. రెండే రెండు నిమిషాలు. మీరు పైకి రాగానే నేను నా నోటుపుస్తకం మూసేసి వెళ్లిపోతాను. జీపు కోర్టుకు పోతుంది."

పద్మనాభయ్య నవ్వాడు. ప్యానెల్ గదిలోకి వెళ్లి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూపించాడు. చెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. తొట్టి అంచు మీదికి మూడు మెట్లు ఎక్కాడు.

నాలుగో మెట్టు మీద ఆగాడు.

ప్యానెల్ గది కిటికీలోంచి మస్తానయ్య కనిపిస్తున్నాడు. స్విచ్ పక్కన ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పద్మనాభయ్య మెట్ల వైపు తిరగగానే రేవతి అతన్ని అక్కడికి పంపింది.

"అతనెందుకు అక్కడ?" అన్నాడు పద్మనాభయ్య.

"ఫోర్‌మన్ కదండీ. నిన్న కూడా అక్కడే ఉన్నాడు."

"ఇన్‌స్పెక్టర్ గారు అక్కడ ఉంటే బాగుంటుంది."

"హెబ్రోను దిగినప్పుడు ఇన్‌స్పెక్టర్ గారు కాపలా లేరు. మీ పద్ధతికి కాపలా అక్కర్లేదని మీరే అన్నారు."

ఆయన కాలు ఎత్తి మళ్లీ కింద పెట్టాడు. హెల్మెట్ తీసి నుదురు తుడుచుకున్నాడు. గుంపులో ఎవరో, "దిగండి సార్, మేం రోజూ దిగతానే ఉండాం" అన్నారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు.

"మస్తానయ్యను బయటికి పంపండి" అన్నాడు పద్మనాభయ్య.

"ఎందుకండీ? తాళం మీది. చెవి మీ జేబులో ఉంది. ఈ లోకంలో ఇంకో చెవి లేదు. అతను స్టూలు మీద కూర్చుని ఏం చేయగలడు?"

"ముందు పంపించండి!"

"కారణం చెప్పండి, పంపిస్తాను."

"ఆ గుత్తిలోంచి వాడు నా చెవి తీసి పెట్టుకుని ఉంటే!"

మాట బయటికి వచ్చేసింది. పద్మనాభయ్య నోరు ఇంకా తెరిచే ఉంది.

"ఏ గుత్తి?" అంది రేవతి.

ముందు వరసలో ఉన్న ఒక ఫిట్టర్ చెయ్యి నడుము మీదికి పోయి, అక్కడి తాళంచెవిని పట్టుకుని ఆగిపోయింది. అతని పక్కవాడి చెయ్యి కూడా. ఇంత కాలం ప్రాణమనుకుని కట్టుకు తిరిగిన ఇత్తడి ముక్క.

ప్యానెల్ గది తలుపు తెరుచుకుంది. మస్తానయ్య గడప మీదికి వచ్చాడు. అతని గొంతు తొట్టి దాకా వినిపించింది.

"నా కాడ యాడుంది సార్ చెవి? గుత్తంతా నిన్న పొద్దన్న ఏడు గంటలకే మీరు తీసేసుకున్నారు గదా! రెండు వందల ఏడు ఒక్కటీ నా చేతిలో పెట్టి, ఇది వాడి ఒంటి మీద దొరకాల అన్నారు. నేను తప్పు జరిగిపోయిందనుకున్నా సార్. తెలీక జరిగిందనుకోనే మీ మాట ఇన్నా."

"మస్తానయ్యా, నోరు..."

"ఆరూ ముప్పై నాలుగుకి ఫోన్ చేసి మీరేమన్నారు? 'హెబ్రోను నా ముందరే కూర్చోని టీ తాగతా ఉండాడు, బీగం తియ్యి, మిక్సర్ ఎయ్యమను' అన్నారా లేదా? వాడు వచ్చి మిమ్మల్ని చెవి సంగతి అడిగింది ఆరు గంటలకి. మీరే పర్మిట్ రాసి, నా సంతకం కోసరం వాడి చేతికిచ్చి లోపలికి పంపినారు. మీ ముందర ఎవరు కూర్చోనుండారు సార్ అప్పుడు? ఎవరు తాగినారు ఆ టీ?"

పద్మనాభయ్య ఆ నాలుగో మెట్టు మీదే కూర్చుండిపోయాడు. తెలియక జరిగిన తప్పు కాదిది. తనిఖీకి ముందు రెండో చెవుల సంగతి బయటపడకుండా, లోపల మనిషి ఉన్నాడని తెలిసే లేడని చెప్పాడు. సుకుమార్ వేలితో, మస్తానయ్య చేతితో ఆ పని చేయించాడు. వాళ్లిద్దరికీ తెలియదు. తెలిసినవాడు ఆయనొక్కడే.

చంద్రమౌళి గుంపులోంచి ముందుకు వచ్చి, ప్యాంటు జేబులోంచి మూడు పింగాణీ ఫ్యూజులు తీసి రేవతి చేతిలో పెట్టాడు. "అరగంట నుంచి నా తొడకి గుచ్చుకుంటా ఉండాయి ఇవి. కరెంటు లేని మిక్సర్‌లో రెండు నిమిషాలు నిలబడలేకపోయినాడు పెద్దమనిషి."

"మస్తానయ్యా, ఈ క్షణాన ఈ సైటులో తాళం వేసుకుని యంత్రాల లోపల ఎంతమంది ఉన్నారు?" అంది రేవతి.

అతను గోడ మీద బోర్డు చూసి లెక్కపెట్టాడు. "పదకొండు మంది తల్లా."

"గుత్తి దొరికేదాకా వాళ్లకి ఆ తాళాలు లేనట్టే. సైరన్ వేసి అందరినీ బయటికి పిలువు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి లెక్కచూసుకో."

సైరన్ మోగింది. ఆ మోతలోనే చంద్రమౌళి ఒక చెవి మూసుకుని, ఇంకో చెవికి ఫోను ఆనించి స్టేషన్‌తో గట్టిగా మాట్లాడాడు. "సుకుమార్‌కి బేడీలు తియ్యి. ఆ... తియ్యమంటా ఉండా. వాడి పెళ్లాం బయట కూర్చోనుంటే లోపలికి పిలిచి కుర్చీ ఎయ్యి. జీపా? జీపు ఆపొద్దు. ఇక్కడికి పంపించు."